కిడ్నీ ఇన్ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంటే ఏం చేయాలి

వారం రోజుల మాత్రలు పూర్తవుతాయి, జ్వరం తగ్గుతుంది, మనిషి లేచి నాలుగు ముద్దలు తినడం మొదలుపెడతారు, పది రోజులు తిరగకముందే ఒక సాయంత్రం మళ్లీ వణుకుతో జ్వరం వస్తుంది, అదే పక్క డొక్కలో అదే నొప్పి. మా అమ్మగారికి ఐదు నెలల్లో మూడుసార్లు ఇలా జరిగింది. మొదటిసారి మూత్రం కల్చర్ పరీక్ష, అంటే మూత్రంలోని సూక్ష్మజీవులను ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయించనే లేదు. రెండోసారి చేయించాము గానీ, అప్పటికే రెండు రోజులుగా మాత్రలు వాడుతూ ఉండటంతో రిపోర్టులో సూక్ష్మజీవి ఏదీ పెరగలేదని వచ్చింది. మూడోసారి మందు మొదలుపెట్టకముందే నమూనా ఇచ్చి, స్కానింగ్ కూడా చేయించినప్పుడు, కుడి కిడ్నీలో ఉన్న రాయి బయటపడింది. అప్పటిదాకా వాడిన మందులన్నీ ఆ రాయి చుట్టూ ఉన్న ఇన్ఫెక్షన్‌ను తాత్కాలికంగా అణిచాయే తప్ప, రాయిలోపల ఉన్న సూక్ష్మజీవులను తాకలేదు. ఆ ఐదు నెలల్లో తెలుసుకున్నవీ, తర్వాత వైద్యులను అడిగి సరిచూసుకున్నవీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది వైద్యుడి సలహాకు బదులుగా వాడుకోవలసినది కాదు. వైద్యుడి ఎదుట కూర్చున్నప్పుడు మీ చేతిలో ఏమి ఉండాలి, ఏమి అడగాలి, ఇంటికి వచ్చాక ఏమి చూసుకోవాలి అన్నదే ఇందులోని విషయం.

అసలు సంగతి ముందే చెబుతాను. కిడ్నీ ఇన్ఫెక్షన్ మొండికేయడానికి ముఖ్యంగా మూడు కారణాలు ఉంటాయి. వాడుతున్న మందుకు ఆ సూక్ష్మజీవి లొంగకపోవడం ఒకటి. లొంగే మందే అయినా అది తగిన మోతాదులో, తగినన్ని రోజులు కిడ్నీ కణజాలంలోకి చేరకపోవడం రెండోది. సూక్ష్మజీవి దాక్కునే చోటు శరీరంలో ఎక్కడో మిగిలిపోవడం మూడోది. మీ విషయంలో వీటిలో ఏది నిజమో తేల్చుకోకుండా, ఇంకో వారం చూద్దాం, ఇంకో వారం చూద్దాం అంటూ యాంటీబయాటిక్‌ను పొడిగించుకుంటూ పోతే రోజులు గడుస్తాయి గానీ జబ్బు పోదు.

ఇంట్లో ఉండదగిన స్థితేనా అని ముందు చూడండి

వణుకుతో కూడిన జ్వరంతో పాటు మనిషి మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, బీపీ పడిపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, రోజంతటిలో మూత్రం చాలా తక్కువగా వస్తున్నా, మాత్ర వేస్తే నిలవకుండా వాంతి అవుతున్నా అదే గంటలో ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అది ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరిన సూచన కావచ్చు. వాహనం దొరకకపోతే 108కు ఫోన్ చేయండి. గర్భిణులు, ఒకే కిడ్నీ ఉన్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, కిడ్నీలో రాయి ఉందని ముందే తెలిసినవారు, మధుమేహం అదుపులో లేనివారు ఈ లక్షణాలన్నీ కనబడేదాకా ఆగకూడదు; వారికి జ్వరం, డొక్కనొప్పి కలిసి వస్తే చాలు. వృద్ధుల్లో ఒక్కోసారి జ్వరం, మంట ఏవీ లేకుండా, ఉన్నట్టుండి మనుషులను గుర్తుపట్టకపోవడం, తిండి మానేయడం మాత్రమే కనిపిస్తాయి.

మన ఇళ్లలో మూత్రంలో మంట అనగానే వేడి చేసిందంటారు. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ ఇస్తారు. మూత్రాశయం వరకే ఉన్న చిన్న మంటకు నీరు ఎక్కువగా తాగడం మేలే చేస్తుంది. అయితే వణుకు, జ్వరం, నడుముకు పైన పక్కటెముకల కింద నొప్పి, వాంతులు వచ్చాయంటే ఇన్ఫెక్షన్ మూత్రనాళం మీదుగా పైకి పాకి కిడ్నీని చేరిందని అనుమానించాలి. అప్పుడు ఒక్క రోజు కూడా వేడి కింద లెక్కవేసి వదిలేయకండి. అలాగే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు చేయించుకుని జ్వరం జారగానే మానేయడం కూడా ఈ జబ్బు తిరగబెట్టడానికి ఒక దారి. ఆ ఇంజెక్షన్ పేరేమిటో చీటీ మీద ఉండదు కాబట్టి, తర్వాత చూసే వైద్యుడికి ఏ మందు విఫలమైందో కూడా తెలియకుండా పోతుంది.

మొదటి మాత్రకు ముందే కల్చర్‌కు నమూనా ఇవ్వండి

ఈ మొత్తం వ్యవహారంలో రోగి చేతిలో ఉన్న అతి ముఖ్యమైన పని ఇదేనని నా నమ్మకం. యాంటీబయాటిక్ ఒక్క మోతాదు శరీరంలో పడినా మూత్రంలోని సూక్ష్మజీవులు ల్యాబులో పెరగకపోవచ్చు, అప్పుడు వైద్యుడు ఊహ మీద ఆధారపడవలసి వస్తుంది. మామూలు మూత్ర పరీక్షలో చీము కణాలు ఎన్ని ఉన్నాయి, పీహెచ్ ఎంత వంటివే తెలుస్తాయి. ఏ సూక్ష్మజీవి, ఏ మందుకు లొంగుతుంది అన్నది కల్చర్, సెన్సిటివిటీ పరీక్షలోనే తెలుస్తుంది. కాబట్టి చీటీ మీద రెండో పరీక్ష రాసి ఉందో లేదో చూసుకుని, లేకపోతే మర్యాదగానే అడగండి. వణుకుతో జ్వరం ఉంటే రక్తం కల్చర్ కూడా అవసరమవుతుంది. పరిస్థితి విషమంగా ఉంటే మాత్రం నమూనా కోసం మందును ఆపకూడదు. నమూనా తీసిన వెంటనే మందు మొదలుపెడతారు.

నమూనా ఇచ్చే పద్ధతి తప్పితే రిపోర్టు కూడా తప్పుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, మూత్రద్వారం చుట్టూ నీటితో శుభ్రం చేసుకోవాలి. స్త్రీలు ముందు నుంచి వెనకకు మాత్రమే కడుక్కోవాలి. మొదట వచ్చే కొద్దిపాటి మూత్రాన్ని వదిలేసి, మధ్యలో వచ్చే ధారను ల్యాబు ఇచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టి, చివరిది మళ్లీ వదిలేయాలి. డబ్బా లోపలి అంచును గానీ మూత లోపలి వైపును గానీ వేలితో తాకకూడదు. ఇంట్లో మందుల సీసా కడిగి అందులో పట్టి తీసుకువెళ్లడం వలన ప్రయోజనం ఉండదు. నమూనా 2 గంటల లోపు ల్యాబుకు చేరాలి, లేకపోతే ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాకుండా కింది అరలో, ఉంచి 24 గంటల లోపు అందించాలి. ఎండాకాలంలో బయట మూడు నాలుగు గంటలు ఉన్న మూత్రంలో సూక్ష్మజీవులు వాటంతటవే పెరిగిపోయి లేని ఇన్ఫెక్షన్‌ను చూపిస్తాయి. క్యాథెటర్ (మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం) ఉన్నవారికి సంచిలో నిలిచిన మూత్రాన్ని ఎప్పుడూ పంపకూడదు.

రిపోర్టు రావడానికి సాధారణంగా రెండు నుంచి మూడు రోజులు పడుతుంది. ఈలోగా వైద్యుడు తన అనుభవాన్ని బట్టి ఒక మందు మొదలుపెడతారు. రిపోర్టు వచ్చాక దానిని తీసుకుని మళ్లీ వెళ్లి, అదే మందు కొనసాగించాలా మార్చాలా అని అడగడం రెండో సగం పని. జ్వరం తగ్గింది కదా అని ఆ రిపోర్టును ల్యాబులోనే వదిలేసేవారు చాలామంది ఉంటారు.

రిపోర్టులో ఏమి చూడాలి

పైన సూక్ష్మజీవి పేరు ఉంటుంది. ఎక్కువ మందిలో అది ఈ.కోలి అయి ఉంటుంది. క్లెబ్సియెల్లా, ప్రోటియస్, సూడోమోనాస్, ఎంటిరోకాకస్ కూడా కనిపిస్తుంటాయి. ప్రోటియస్ అని ఉంటే రాయి సంగతి తప్పకుండా అడగండి, ఎందుకంటే ఈ సూక్ష్మజీవి మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది, దాంతో మూత్రం క్షారగుణానికి మారి, సూక్ష్మజీవులను లోపలే మూసేసుకున్న ఒక రకం రాయి పెరుగుతుంది. మా అమ్మగారి మొదటి మామూలు మూత్ర పరీక్షలోనే పీహెచ్ 8 అని రాసి ఉంది. ఆ అంకె ఒక సూచన అని మాకెవరికీ అప్పుడు తెలియదు.

మిల్లీలీటరుకు 1,00,000 కాలనీలు లేదా అంతకు మించి అని ఉంటే అది బలమైన ఆధారం; లక్షణాలు స్పష్టంగా ఉన్నవారిలో అంతకన్నా తక్కువ సంఖ్యకు కూడా విలువ ఉంటుంది. అనేక రకాల సూక్ష్మజీవులు కలిసి పెరిగాయని రాస్తే చాలాసార్లు నమూనా కలుషితమైందని అర్థం, మళ్లీ ఇవ్వవలసి ఉంటుంది.

ఆ కింద మందుల పట్టిక ఉంటుంది. ఎస్ అంటే ఆ మందుకు సూక్ష్మజీవి లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని, ఐ అంటే మోతాదు పెంచితే తప్ప లొంగడం సందేహమని అర్థం. మందుల పక్కన ఎంఐసీ (సూక్ష్మజీవి పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు) అనే అంకెలు ఉంటే వాటిని ఒకదానితో ఒకటి పోల్చి, చిన్న అంకె ఉన్నదే గొప్ప మందు అనుకోకండి. ప్రతి మందుకు కొలమానం వేరు. ఇంకా పెద్ద పొరపాటు ఒకటి ఉంది. పట్టికలో నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ తరచుగా ఎస్ అని కనబడతాయి. నైట్రోఫ్యూరాంటోయిన్ మాత్రలు, ఫాస్ఫోమైసిన్ పొడి మూత్రాశయంలోని ఇన్ఫెక్షన్‌కు మంచి మందులే గానీ, కిడ్నీ కణజాలంలోకి చాలినంతగా చేరవు. జ్వరం, డొక్కనొప్పి ఉన్నవారు రిపోర్టు చూసుకుని మెడికల్ షాపులో వీటిని కొనుక్కుంటే మంట తగ్గినట్టు అనిపించినా కిడ్నీలో జబ్బు అలాగే ఉంటుంది.

ఈఎస్‌బీఎల్ అన్న మాట ఉంటే బెదిరిపోనవసరం లేదు, తేలికగా తీసుకోనూ కూడదు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులను విరిచేసే ఎంజైమును ఆ సూక్ష్మజీవి తయారు చేస్తుందని దాని అర్థం. మన దేశంలో ఇటువంటి ఈ.కోలి సాధారణమైపోయింది. ఇంతకుముందు ఆసుపత్రిలో చేరినవారిలో, పదేపదే యాంటీబయాటిక్‌లు వాడినవారిలో ఇది ఎక్కువ. ఇలాంటప్పుడు తరచుగా ఎర్టాపెనెమ్, మెరోపెనెమ్ వంటి కార్బపెనెమ్ ఇంజెక్షన్లు అవసరమవుతాయి. మాత్రలలో ఏదైనా ఎస్ అని వచ్చి, అది కిడ్నీలో పనిచేసేదైతే వైద్యులు తర్వాత దానికి మారుస్తారు.

మూడో రోజు లెక్క

సరైన మందు పడితే సాధారణంగా 48 నుంచి 72 గంటలలో జ్వరం దిగుముఖం పడుతుంది. అందుకే మందు మొదలైన గంటను రాసిపెట్టుకుని, రోజుకు నాలుగుసార్లు జ్వరం కొలిచి ఒక కాగితం మీద రాయండి. పారాసిటమాల్ వేసుకోకముందు కొలవాలి, వేసుకున్న సమయం కూడా రాయాలి. లేకపోతే జ్వరం యాంటీబయాటిక్‌కు తగ్గిందో పారాసిటమాల్‌కు తగ్గిందో తెలియదు. మూడు రోజులు దాటినా జ్వరం అదే ఎత్తుకు వెళ్తుంటే, ఆ కాగితంతో వైద్యుడి దగ్గరకు వెళ్లి, స్కానింగ్ అవసరమా అని అడగవలసిన సమయం వచ్చినట్టే.

ఎక్కువగా అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు. కిడ్నీ ఉబ్బిందా, రాయి ఉందా, మూత్రం పోసిన తర్వాత మూత్రాశయంలో ఎంత మిగిలిపోతోంది అన్నవి అందులో తెలుస్తాయి. మూత్రనాళం మధ్యలో ఇరుక్కున్న చిన్న రాయి అల్ట్రాసౌండ్‌కు అందకపోవచ్చు, దానికి సీటీ స్కాన్ మేలు. చీముగడ్డ ఉందేమో చూడాలంటే రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ తీస్తారు, కాబట్టి దానికి ముందు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి.

రాయి అడ్డుపడి, దాని వెనక మూత్రం చీముగా నిలిచిపోతే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా ఒంటరిగా పనిచేయదు. డీజే స్టెంట్ (మూత్రనాళం లోపల ఉంచే సన్నని గొట్టం) వేసి గానీ, వీపు వైపు నుంచి సన్నని గొట్టం పెట్టి గానీ ఆ మూత్రాన్ని ముందు బయటకు వదలాలి, అది వాయిదా వేయదగిన పని కాదు. రాయిని తీయడం ఇన్ఫెక్షన్ శాంతించాక జరుగుతుంది. కిడ్నీలో చీముగడ్డ పెద్దదైతే సూదితో లాగవలసి ఉంటుంది. మధుమేహం ఉన్నవారిలో అరుదుగా కిడ్నీలో గాలి ఏర్పడే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ వస్తుంది, అది సీటీలోనే స్పష్టంగా కనబడుతుంది. మగవారిలో ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంటే ప్రోస్టేట్ గ్రంథిని చూపించుకోవాలి. ఆ గ్రంథిలోకి చాలా మందులు సరిగా చేరవు, చేరే మందును వారాల తరబడి వాడవలసి వస్తుంది.

మన దేశంలో మరిచిపోకూడని కారణం క్షయ. మూత్రంలో చీము కణాలు నిండుగా ఉండి, పద్ధతిగా చేయించిన కల్చర్‌లో పదేపదే ఏమీ పెరగకపోతే, దానికి తోడు బరువు తగ్గడం, సాయంత్రపు జ్వరం, మూత్రంలో రక్తం ఉంటే మూత్రకోశ క్షయ గురించి వైద్యుడిని అడగండి. దీనికి తెల్లవారుజామున పోసే తొలి మూత్రాన్ని వరుసగా కొన్ని రోజులు పరీక్షకు ఇస్తారు. లెవోఫ్లాక్సాసిన్ వంటి మందులు క్షయ క్రిమిని కూడా కొంత అణుస్తాయి కాబట్టి, వాటిని పదేపదే వాడితే తగ్గినట్టు కనిపించి అసలు జబ్బు మరుగున పడుతుంది. క్షయ అని తేలితే మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు.

ఎన్ని రోజులు, ఎందుకు, ఏది చూసి ఆపుతాము

దీర్ఘకాలం మందు రాసినప్పుడు ఈ మూడు ప్రశ్నలకు సమాధానం తీసుకుని చీటీ వెనక రాసుకోండి. మా అమ్మగారి విషయంలో మొదటి రెండుసార్లూ మేము ఇవి అడగలేదు. రాయి, అడ్డు వంటివి ఏవీ లేని కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు సరైన మందు ఏడు రోజులు చాలడం ఇప్పుడు సాధారణం; కొన్ని మందులకు పది నుంచి పద్నాలుగు రోజులు రాస్తారు. చీముగడ్డ ఉంటే అది కరిగేదాకా, అంటే కొన్ని వారాలు. వారసత్వంగా వచ్చే నీటితిత్తుల కిడ్నీ జబ్బులో ఒక తిత్తికి ఇన్ఫెక్షన్ సోకితే నాలుగు నుంచి ఆరు వారాలు. ప్రోస్టేట్‌కు రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే ఎక్కువ రోజుల మందుకు ఎప్పుడూ ఒక కారణం ఉండాలి. కారణం లేకుండా పొడిగిస్తే లొంగని సూక్ష్మజీవులే శరీరంలో మిగిలి, తర్వాతిసారికి వాడుకునే మందులు తగ్గిపోతాయి. కారణం ఉన్నప్పుడు మధ్యలో మానేసినా అదే నష్టం. ఒళ్లు తేలికపడింది కాబట్టి చాలు అన్న నిర్ణయం మీరు తీసుకోవద్దు, ఫోన్ చేసి అడగండి.

మన మెడికల్ షాపుల్లో పాత చీటీ చూపించి మళ్లీ అదే కోర్సు కొనడం సులువుగానే జరిగిపోతోంది. నిజానికి 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం అందులోని యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలను రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. స్ట్రిప్ మీద కనిపించే ఎర్రగీత కూడా వైద్యుడి చీటీ లేకుండా వాడవద్దని చెప్పేదే.

ఇంటి నుంచి ఇంజెక్షన్లు చేయించుకునేవారికి

ఎర్టాపెనెమ్ రోజుకు ఒక్కసారే ఇచ్చే మందు కాబట్టి, జ్వరం తగ్గిన తర్వాత ఆసుపత్రిలో పడుకోకుండా రోజూ వెళ్లి ఎక్కించుకోవడానికి వీలు ఉంటుంది. ప్రతిరోజూ ఒకే సమయానికి వెళ్లండి. చేతికి ఉన్న క్యాన్యులా చుట్టూ ఎర్రబడినా, వాచినా, సూది దగ్గర నొప్పి ఉన్నా ఆ రోజే తీయించి వేరే చోట పెట్టించాలి. రెండు వారాలకు పైబడి ఇంజెక్షన్లు ఉంటే పైచేతి నుంచి పిక్ లైను అనే పొడవైన గొట్టం పెడతామంటారు. స్నానం చేసేటప్పుడు అది తడవకుండా చూసుకోవాలి. లైనులో మందు ఎక్కించగానే వణుకు వస్తే లైనుకే ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చు, వెంటనే చెప్పాలి. మీ క్రియాటినిన్ ఇప్పటికే ఎక్కువగా ఉండి, ముందుముందు డయాలిసిస్ అవసరమయ్యే అవకాశం ఉంటే, పిక్ లైను పెట్టేముందు నెఫ్రాలజిస్టును (కిడ్నీ వైద్యుడిని) తప్పక అడగండి. ఆ గొట్టం వలన పైచేతి రక్తనాళం మూసుకుపోతే, రేపు డయాలిసిస్ కోసం ఫిస్టులా (చేతిలో రెండు రక్తనాళాలను కలిపే ఆపరేషన్) చేయడానికి రక్తనాళం దొరకదు. రక్తం తీసేటప్పుడు కూడా ఎక్కువగా వాడని చేతి పైభాగపు రక్తనాళాలను కాపాడుకోవాలి.

అమికాసిన్ ఇంజెక్షన్ ఇస్తుంటే క్రియాటినిన్‌ను తరచుగా చూపించుకోవాలి. చెవిలో హోరు, వినికిడి తగ్గడం, నడకలో తూలడం మొదలైతే తర్వాతి మోతాదుకు ముందే చెప్పండి, ఎందుకంటే ఈ మందు వలన పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు. ఏ మందు అయినా వారాలపాటు సాగుతుంటే వారానికి ఒకసారి రక్తకణాల పరీక్ష, క్రియాటినిన్, పొటాషియం చేయించడం మంచి పద్ధతి. కిడ్నీ పనితీరు తగ్గినవారికి చాలా యాంటీబయాటిక్‌ల మోతాదు తగ్గించాలి, కోలుకునే కొద్దీ మళ్లీ పెంచాలి.

మాత్రలు, వాటితో పొసగని ఇతర మందులు

రోజుకు రెండుసార్లు అంటే 12 గంటల ఎడం, మూడుసార్లు అంటే దాదాపు 8 గంటల ఎడం. టిఫిన్‌తో ఒకటి, మధ్యాహ్న భోజనంతో ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి వేసుకుంటే రాత్రంతా మందు చాలదు. ఒక మోతాదు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, తర్వాతిదానికి సమయం దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి వేసుకోవద్దు. మింగిన కాసేపటికే వాంతి అయితే మళ్లీ వేసుకోవాలా అని అడగండి; రెండోసారి కూడా అలాగే జరిగితే ఇంజెక్షన్‌కు మారవలసిందే.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ మాత్రలను పాలతో గానీ మజ్జిగతో గానీ మింగవద్దు. కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్‌కు తాగే తెల్లటి యాంటాసిడ్ వీటిని పేగులోనే పట్టేసుకుంటాయి, కాబట్టి యాంటీబయాటిక్ ముందు వేసుకుని, కనీసం 2 గంటలు ఆగి ఇవి వేసుకోండి. మడమ వెనక ఉండే స్నాయువులో (టెండన్) నొప్పి వస్తే ఈ మందును ఆపి చెప్పాలి. మధుమేహానికి గ్లిమెపిరైడ్ వాడేవారిలో వీటితో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ కొన్ని బీపీ మందులతో కలిస్తే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్లు వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడేవారికి మెరోపెనెమ్, ఎర్టాపెనెమ్ ఇస్తే ఆ మూర్ఛ మందు బలం తగ్గి ఫిట్స్ తిరిగి రావచ్చు, కాబట్టి చేరిన రోజే చెప్పండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు రక్తం గడ్డకట్టే సమయాన్ని మామూలుకన్నా తరచుగా చూపించుకోవాలి.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందులు మూత్రంలోకి చక్కెరను పంపిస్తాయి. జ్వరం, వాంతులు, తిండి లేకపోవడం ఉన్న రోజులలో వీటిని కొనసాగిస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్ గురించి కూడా అదే రోజు అడగాలి. అలాగని అన్ని షుగర్ మందులూ మీ అంతట మీరు మానేయకండి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వాడవద్దు, దెబ్బతిన్న కిడ్నీని అవి ఇంకా దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ చాలు.

విరేచనాలు ఒకటి రెండు అయితే సాధారణమే. రోజుకు మూడుకు మించి నీళ్లలా అవుతుంటే, కడుపునొప్పి, జ్వరం, రక్తం ఉంటే అది యాంటీబయాటిక్ వలన పేగుకు వచ్చిన ఇన్ఫెక్షన్ కావచ్చు. విరేచనాలు కట్టే మాత్ర కొనుక్కోకుండా వైద్యుడికి చెప్పండి.

నీరు, తిండి

మూత్రం లేత రంగులో వచ్చేలా నీరు తాగాలి. గుండె జబ్బు వలన గానీ కిడ్నీ పనితీరు తగ్గి గానీ నీటికి పరిమితి పెట్టినవారు ఆ పరిమితినే పాటించాలి. కొబ్బరినీళ్లు మంచివని రోజుకు నాలుగు బోండాలు ఇచ్చేవారు ఉన్నారు. క్రియాటినిన్, పొటాషియం ఎక్కువగా ఉన్నవారికి అందులోని పొటాషియం హాని చేస్తుంది. కొండపిండి ఆకు కషాయం ఇస్తున్నట్టయితే ఆ సంగతి వైద్యుడి దగ్గర దాచకండి, యాంటీబయాటిక్‌కు బదులుగా మాత్రం ఇవ్వకండి.

కోర్సు పూర్తయిన తర్వాత

లక్షణాలు పూర్తిగా పోయినవారిలో చాలామందికి మళ్లీ కల్చర్ అవసరం లేదు. ఏ బాధా లేకుండా రిపోర్టులో మాత్రం సూక్ష్మజీవి కనబడితే, గర్భిణులకు, మూత్రమార్గానికి సంబంధించిన శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారికి తప్ప దానికి సాధారణంగా మందు వాడరు. రిపోర్టు కాగితానికి కాదు, మనిషికి చికిత్స చేయాలని మమ్మల్ని చూసిన వైద్యురాలు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. చీము కణాలు కొద్దిగా ఉన్నాయని మరో కోర్సు కొనుక్కోవద్దు.

జ్వరం నిజంగా తిరిగి వస్తే, మందు వేసుకోకముందే మళ్లీ కల్చర్ ఇచ్చి పాత రిపోర్టుతో పక్కపక్కన పెట్టి చూపించండి. కోర్సు ముగిసిన రెండు వారాలలోపు అదే సూక్ష్మజీవి వస్తే అది లోపల ఎక్కడో మిగిలిందని అనుమానించాలి, అంటే రాయి, గడ్డ, ప్రోస్టేట్ వంటివి వెతకాలి. కొన్ని నెలల తర్వాత వేరే సూక్ష్మజీవి వస్తే అది చాలావరకు కొత్తగా సోకినది, అప్పుడు నివారణ గురించి మాట్లాడాలి. మలబద్ధకం లేకుండా చూసుకోవడం, మూత్రం ఆపుకోకపోవడం, షుగర్ అదుపు ఇందులోకి వస్తాయి. ముట్లుడిగిన స్త్రీలకు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్లను తగ్గిస్తుంది. ఈ సంగతి అడగడానికి మన ఆడవారు సిగ్గుపడతారు గానీ, గైనకాలజిస్టును తప్పక అడగవలసినదే. పాత రిపోర్టులు లేకపోతే ఈ పోలికే సాధ్యం కాదు. అందుకే కల్చర్ రిపోర్టులు, స్కానింగ్ కాగితాలు, డిశ్చార్జి చీటీ, వాడిన ప్రతి యాంటీబయాటిక్ పేరు, ఎన్ని రోజులు వాడారన్నది తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి, ప్రతి పేజీని ఫోనులో ఫోటో తీసి ఉంచండి.

రాయి తీయడానికి ఖర్చు అడ్డమైతే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ చికిత్స వస్తుందేమో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

డీజే స్టెంట్ వేసినవారికి ఇంకొక పని మిగిలి ఉంటుంది. స్టెంట్ శాశ్వతంగా ఉంచేది కాదు. చాలా వాటిని కొన్ని వారాలలో, సాధారణంగా మూడు నెలలు దాటకుండా, తీయాలి లేదా మార్చాలి. మరిచిపోతే దాని చుట్టూ రాయి పేరుకుని, తీయడానికే పెద్ద శస్త్రచికిత్స కావలసి వస్తుంది. డిశ్చార్జి రోజునే తీయవలసిన తేదీ అడిగి, గోడమీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీసి, ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా అలారం పెట్టించండి.